నీట మునిగిన లోయ, ఓటుకు ఓడిన మనిషి

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్నంలో క్రాగ్‌మాంట్ అనే రాతిగుట్ట ఉంది. 1930లలో కొందరు కుర్రాళ్లు అక్కడ చేరి కిందపడడం సాధన చేసేవారు. ఒకరు నడుముకు తాడు కట్టుకుని పైనుంచి కావాలనే జారిపడతారు. తాడు రెండో కొస పట్టుకున్నవాడు దాన్ని కాస్త జారనిస్తూ, మెల్లగా బిగిస్తూ పడేవాణ్ణి మధ్యలో ఆపాలి. ఉన్నట్టుండి బిగిస్తే ఆనాటి నారతాళ్లు తెగిపోతాయి. పట్టు సడలితే మనిషి దక్కడు. ఈ విద్యకు ఒక పద్ధతి ఏర్పరచి తోటివాళ్లకు నేర్పినవాడు రిచర్డ్ లెనర్డ్. తర్వాత న్యాయవాదిగా స్థిరపడ్డాడు. ఆ బృందంలోకి వచ్చి చేరినవాడు డేవిడ్ బ్రౌవర్. 1912లో ఆ ఊళ్లోనే పుట్టాడు, కాలేజీ చదువు మధ్యలో ఆపేశాడు, కొండలంటే ప్రాణం పెట్టాడు. 1933లో సియెరా క్లబ్ సభ్యుడయ్యాడు.

ముప్ఫై అయిదేళ్లు గడిచాక, బ్రౌవర్‌ను ఆ సంఘం ముఖ్యనిర్వాహక పదవి నుంచి దించాలని పట్టుబట్టినవాళ్లలో ముందువరుసలో నిలబడింది ఆ లెనర్డే. ఆయన పక్కన నిలిచింది ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్. ఆయనా బ్రౌవర్‌కు ఎన్నో ఏళ్ల మిత్రుడు. పర్యావరణ ఉద్యమ చరిత్రలో ఇది వ్యూహాల తగాదాగా, లెక్కల తగాదాగా నమోదైంది. చదివిన ప్రతిసారీ నన్ను కలచివేసేది మాత్రం ఇదే: ఆయనను దించిన గదిలో శత్రువులెవరూ లేరు.

సియెరా క్లబ్ 1892 మే 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. జాన్ మ్యూర్ తొలి అధ్యక్షుడు. పసిఫిక్ తీరపు కొండలను జనానికి పరిచయం చేయడం, వాటి గురించి నిజమైన సమాచారం అచ్చువేయడం, వాటిని కాపాడడం దాని పని. 1901 నుంచి ఏటా వేసవిలో సభ్యులను కొండల్లోకి నడిపించి తీసుకెళ్లేవారు. చూసినవాళ్లే కాపాడతారన్నది మ్యూర్ నమ్మకం. అలా చూసినవాళ్లు ఉండి కూడా 1913లో యోసెమిటీ పార్కులోని హెచ్ హెచీ లోయలో ఆనకట్టకు అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదే మ్యూర్ పోయారు. ఆ లోయ దుఃఖం సంఘానికి ఆస్తిలాగే వారసత్వంగా వచ్చింది.

సంఘాన్ని నడిపేది సభ్యులు ఎన్నుకున్న పదిహేనుమంది డైరెక్టర్లు. వారికి జీతం లేదు. న్యాయవాదులు, ప్రొఫెసర్లు, ఇంజినీర్లు, వైద్యులు పగలు తమ వృత్తి చూసుకుని, సాయంత్రాలూ సెలవులూ సంఘానికి ఇచ్చేవారు. అరవై ఏళ్లపాటు ముఖ్యనిర్వాహకుడు అంటూ జీతగాడెవరూ లేకుండానే ఈ బండి నడిచింది. 1952 డిసెంబరులో వాళ్లు తమలోని మనిషినే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. బ్రౌవర్ అప్పటికి పదకొండేళ్లుగా బోర్డు సభ్యుడు. రెండో ప్రపంచయుద్ధంలో కొండదళంలో పనిచేసి వచ్చి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణల విభాగంలో సంపాదకుడిగా ఉన్నారు. సంఘంలో అప్పుడు సభ్యులు సుమారు ఏడువేలు.

వచ్చీరాగానే పెద్ద యుద్ధం. కొలరాడో నదీ వ్యవస్థ మీద వరుసగా ఆనకట్టలు కట్టాలని కేంద్ర జలవనరుల శాఖ పథకం వేసింది. వాటిలో ఒకటి ఎకో పార్క్ దగ్గర, డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్ లోపల. రక్షిత ప్రాంతంలోకి ఒక్క ఆనకట్ట వచ్చిందంటే ఇక దేనికీ రక్షణ లేదు. 1954 జనవరిలో బ్రౌవర్ కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చుని, ఆవిరై పోయే నీటి గురించి ఇంజినీర్లు వేసిన లెక్కలో కూడికలు తీసివేతలు తప్పాయని చూపించారు. తొమ్మిదో తరగతి లెక్కలు వస్తే చాలు, ఆ తప్పు పట్టుకోవచ్చన్నారు. మరుసటి ఏడాది వాలెస్ స్టెగ్నర్ సంపాదకత్వంలో డైనోసార్ మీద పుస్తకం వచ్చి కాంగ్రెస్ సభ్యుల చేతుల్లోకి వెళ్లింది. 1956లో ఎకో పార్క్ ఆనకట్ట బిల్లులోంచి పోయింది. హెచ్ హెచీ ఓటమి తర్వాత ఆ సంఘానికి దక్కిన మహా విజయం అది.

దానికి వెల ఉంది. ఎకో పార్క్ తీసేస్తే మిగతా పథకానికి అడ్డురాబోమని సంఘం ఒప్పుకుంది. ఆ మిగతాలో గ్లెన్ కాన్యన్ ఉంది. అది రక్షిత ప్రాంతం కాదు. బోర్డులో దాన్ని చూసినవాళ్లు లేరనే చెప్పాలి. బ్రౌవరూ చూడలేదు. పైపెచ్చు, ఎకో పార్క్ బదులు గ్లెన్ కాన్యన్‌లో ఆనకట్టను ఇంకా ఎత్తుగా కట్టుకోవచ్చు కదా అని ఆ వాదనల్లో చెప్పింది ఆయనే. బోర్డు నిర్ణయాన్ని ఆయన మన్నించారు. క్రమశిక్షణ గల ఉద్యోగి చేయవలసినదే చేశారు.

తర్వాత ఆ లోయను చూశారు. నది లక్షల ఏళ్లుగా ఎర్రరాతిని చెక్కి చేసిన గదులు, వంపులు, పక్కలోయలు. మధ్యాహ్నం సూర్యుడు నేరుగా తాకని చోట కూడా గోడలు ఒకదాని వెలుగు ఒకటి అందుకుని మెరిసే చోటు. 1869లో నదిమీద పడవల్లో వచ్చిన జాన్ వెస్లీ పావెల్ ఒక గుహలో మనుషుల గొంతులు మారుమోగడం విని దానికి సంగీత మందిరం అని పేరు పెట్టాడు. 710 అడుగుల ఎత్తు ఆనకట్ట లేచింది. 1963 మొదట్లో గేట్లు మూశారు. నీళ్లు ఒక్కో గదిలోకీ ఎక్కడం మొదలైంది. అలా ఎక్కుతూ ఎక్కుతూ జలాశయం నిండడానికి 1980 దాకా పట్టింది. ముంపు అంటే ఏమిటో తెలుగువాళ్లకు వివరించనక్కర్లేదు. నాగార్జునసాగర్ నీళ్ల అడుగున నాగార్జునకొండ లోయ ఉంది.

గేట్లు మూసిన 1963లోనే సంఘం ఎలియట్ పోర్టర్ తీసిన రంగుల ఫొటోలతో ఒక పెద్ద పుస్తకం వేసింది. ఎవరికీ తెలియని చోటు అని దానికి పేరు. చనిపోయిన లోయకు సంతాప గ్రంథం అది. ముందుమాటలో బ్రౌవర్ ఆ చావులో తనకూ భాగం ఉందని రాసుకున్నారు. ఆ మాట లాంఛనానికి అన్నది కాదు. ముప్ఫై ఏడేళ్లు, చివరి ఊపిరి దాకా, ఎక్కడ మాట్లాడినా ఆ నేరం తన మీద వేసుకుంటూనే ఉన్నారు. బోర్డు చెప్పినట్టు నడుచుకోకుండా ఎదురు వాదించి ఉంటే ఆపగలిగేవాణ్ణని ఆయన గట్టి నమ్మకం.

ఈ కథకు ఇరుసు ఇక్కడే ఉందని నేననుకుంటాను. ఆయనను కూల్చిన గుణం పుట్టుకతో వచ్చిన అహంకారం అని కొందరన్నారు. నేను ఒప్పుకోను. 1956 దాకా బ్రౌవర్ సర్దుకుపోయే మనిషే. బోర్డు మాట వినేవాడే. విన్నందుకు ఒక లోయ మునిగింది. ఆ శోకంలోంచి ఆయన రెండు సంగతులు నేర్చుకున్నారు. చూడని చోటును బేరంలో పెట్టకూడదు. పెద్దలు ఒప్పుకోమన్నారని ఒప్పుకోకూడదు. మొదటిది నేర్చుకున్నందుకు ప్రపంచం ఆయనకు రుణపడి ఉంది. రెండోదానికి ఆయన మూల్యం చెల్లించారు.

ఆ పుస్తకాల సంగతి కాస్త చెప్పాలి. సంఘం సాధించినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. 1960లో ఆడమ్స్ ఫొటోలు, నాన్సీ న్యూహాల్ మాటలతో అమెరికా నేల గురించి మొదటి పుస్తకం వచ్చింది. రెండేళ్లకు రచయిత థోరో మాటలకు పోర్టర్ రంగుల బొమ్మలు జోడించిన పుస్తకం. ఒడిలో పట్టనంత పెద్ద పేజీలు, రాజీలేని ముద్రణ. పుట తిప్పితే మనిషి ఆగిపోవాలి, చూపు బొమ్మ అంతటా తిరగాలి, అంత పెద్దదిగా ఉండాలన్నది బ్రౌవర్ పట్టు. ఏ కొండా ఎక్కని లక్షలమంది తమ ఇళ్లలో కూర్చుని అడవిని చూశారు. మ్యూర్ కాలంలో వేసవి నడకలు చేసిన పనిని ఈ పుస్తకాలు చేశాయి. పర్యావరణ విద్య అన్న మాట ఇంకా బడుల్లోకి రాని రోజుల్లో ఒక తరానికి అవే బడి. సభ్యత్వం ఏడువేల నుంచి డెబ్బై వేలు దాటింది.

కానీ మంచి కాగితం, మంచి అచ్చు ఖరీదైనవి. ఒక పుస్తకం మీద వచ్చినదాన్ని, ఒక్కోసారి రాబోయేదాన్ని కూడా, తర్వాతి పుస్తకం మీద పెట్టేవారు. అమ్ముడుపోని ప్రతులు గోదాములో ఉండేవి, బిల్లులు మాత్రం గడువుకు వచ్చేవి. గాలపాగోస్ దీవుల మీద రెండు సంపుటాలు వేశారు. తర్వాత ప్రపంచమంతటి మీద పుస్తకాలు వేయాలన్నారు. భూమి ఆగదు, మనం డబ్బు కోసం ఆగితే ఎలా అన్నది ఆయన తీరు. బిల్లులు కట్టవలసిన బాధ్యత బోర్డుది. ఆసుపత్రి పని ముగించుకుని రాత్రి ఇంటికొచ్చి, సంఘం ఖాతాల్లో తరుగు చూసి నిద్రపట్టని డాక్టరు ఎడ్గర్ వేబర్న్‌ను తలుచుకుంటే నాకు జాలి కలుగుతుంది. ఆయనకు పైసా రాదు. రెడ్‌వుడ్ చెట్లకు నేషనల్ పార్కు కోసం ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. బ్రౌవర్‌ను ఎన్నోసార్లు కాపాడిన మనిషి. 1967 నుంచి రెండోసారి అధ్యక్షుడు.

చీలిక గీతలు అంతకు ముందే పడ్డాయి. ప్రభుత్వాధికారుల ఉద్దేశాలను, నిజాయితీని సంఘం పేరున ఎవరూ శంకించరాదని 1959 డిసెంబరులోనే బోర్డు తీర్మానించింది. పెద్దమనుషుల సంఘం, అధికారులతో కలిసి భోంచేసి నచ్చజెప్పే సంప్రదాయం. బ్రౌవర్‌కు గ్లెన్ కాన్యన్ తర్వాత అలాంటి భోజనాలు సహించలేదు.

1966లో జలవనరుల శాఖ గ్రాండ్ కాన్యన్‌లోనే రెండు ఆనకట్టలకు సిద్ధమైంది. జూన్ 9న న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్‌లలో సంఘం నిండు పేజీ ప్రకటనలు వేసింది. మరునాడే పన్నుల శాఖ నుంచి నోటీసు అందింది: చట్టసభలను ప్రభావితం చేసే పని చేస్తున్నారు కాబట్టి, మీకిచ్చే విరాళాలకు ఇక పన్ను మినహాయింపు ఖాయమని చెప్పలేం. దేశం భగ్గుమంది. ఆనకట్టల సంగతి పట్టనివాళ్లు కూడా, పౌరుల నోరు నొక్కుతారా అని సంఘంలో చేరారు. జలాశయం నిండితే పడవల్లో వెళ్లి కొండగోడలు దగ్గరగా చూడొచ్చని అధికారులు చెప్పిన వాదనకు, అయితే పైకప్పు బొమ్మలు చూడడానికి సిస్టీన్ చాపెల్‌ను కూడా నీళ్లతో నింపుదామా అని మరో ప్రకటన జవాబిచ్చింది. ఆ ఆనకట్టలు కట్టలేదు. మినహాయింపు మాత్రం పోయింది, దానితో పెద్ద విరాళాలూ పోయాయి. ఇలాంటి రోజు వస్తుందనే ముందుచూపుతో బోర్డు పెద్దలు 1960లోనే విడిగా ఒక ఫౌండేషన్ పెట్టి ఉంచారు. ఆ ముందుచూపును ఎవరూ గుర్తుచేసుకోరు. వీరుల కథల్లో ట్రస్టు పత్రాలు రాసినవాళ్లకు చోటు తక్కువ.

ఆ 1966లోనే డయాబ్లో కాన్యన్ గొడవ వచ్చింది. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ శాన్ లూయిస్ ఒబిస్పో దగ్గర సముద్రతీరంలో అణువిద్యుత్ కేంద్రం కట్టాలనుకుంది. మొదట ఎంచుకున్న చోటు నిపోమో ఇసుకదిబ్బలు. వాటిని కాపాడాలని సంఘం పోరాడింది. సరే, దిబ్బలు వదిలేస్తాం, డయాబ్లో కాన్యన్‌కు మీరు ఒప్పుకోండి అంది కంపెనీ. 1966 మేలో బోర్డు ఒప్పుకుంది. ఓటేసినవాళ్లలో ఎక్కువమంది డయాబ్లో చూడలేదు. అక్కడ పెద్ద పెద్ద ఓక్ చెట్లున్న, ఊరూ రోడ్డూ లేని తీరం ఉందని తర్వాత తెలిసింది.

బ్రౌవర్ కళ్లకు అది గ్లెన్ కాన్యనే. చూడని చోటును మళ్లీ బేరంలో పెట్టారు. ఆడమ్స్ కళ్లకు అది మాట. సంఘం ఒక ఒప్పందం చేసుకుంది, దిబ్బలు దక్కాయి, ఇప్పుడు మాట తప్పితే రేపు మనతో ఎవరు మాట్లాడతారు? నేను ఈ రెండు వాదనలనూ ఎన్నోసార్లు తూచి చూశాను. ఆడమ్స్ వాదనకు జవాబు లేదు. బ్రౌవర్ నొప్పికీ లేదు. 1967లో ప్రశ్నను సభ్యుల ముందు పెట్టారు. రెండింతలకు పైగా ఓట్లతో బోర్డు గెలిచింది. ఉద్యోగి అయిన బ్రౌవర్ అక్కడితో ఆగవలసింది. ఆగలేదు. సంఘం పత్రికలో ఎవరి వాదన ఎంత అచ్చు కావాలన్నదాని మీద కూడా పోరు నడిచింది. పాత మిత్రులు ఒకరికొకరు పేజీలకొద్దీ ఉత్తరాలు రాసుకున్నారు.

1968 శరత్కాలం ఈ కథలో అన్నిటికన్నా విచిత్రమైన కాలం. సెప్టెంబరు 30న గ్రాండ్ కాన్యన్ ఆనకట్టలు లేని కొలరాడో బిల్లుపై అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశారు. అక్టోబరు 2న రెడ్‌వుడ్, నార్త్ కాస్కేడ్స్ నేషనల్ పార్కులు వచ్చాయి. సంఘం జీవితకాలంలో ఇన్ని విజయాలు ఒక్క వారంలో రాలేదు. ఆ అక్టోబరులోనే ఆడమ్స్, లెనర్డ్, నెవాడా ప్రొఫెసర్ రిచర్డ్ సిల్ కలిసి, బ్రౌవర్ డబ్బు విషయంలో బాధ్యత లేకుండా ఉన్నారని, బోర్డు అధికారాన్ని ధిక్కరిస్తున్నారని, తొలగించాలని అడిగారు. వెంటనే వేటు పడలేదు. వేబర్న్ ఇంకా తాడు జారనిస్తూనే ఉన్నారు.

1969 జనవరి 14న న్యూయార్క్ టైమ్స్‌లో పేజీన్నర ప్రకటన వచ్చింది. భూగోళం మొత్తాన్ని ఒక నేషనల్ పార్కులా చూసుకోవాలని, అందుకు కొత్త పుస్తకాల వరుస వస్తోందని. ఈనాడు చదివితే ఎంత ముందుచూపు అనిపిస్తుంది. బోర్డు అనుమతి మాత్రం లేదు, ఖర్చు సంఘానిది. వేబర్న్ ఇక ఆగలేదు. బ్రౌవర్‌కు ఖర్చుపెట్టే అధికారాన్ని రద్దుచేశారు. బ్రౌవర్ సెలవు పెట్టి ఏప్రిల్ బోర్డు ఎన్నికల్లో తన పక్షం తరఫున తానే నిలబడ్డారు. ప్రతిపక్షంలో ఆయన పాత తాడు మిత్రులు. ఖాళీ అయిన అయిదు స్థానాల్లో ఒక్కటీ ఆయన పక్షానికి రాలేదు. ఆయన పుస్తకాలు చూసి, ఆయన ప్రకటనలు చదివి చేరిన సభ్యులే ఆ ఓట్లు వేశారు. ఈ ఒక్క వాక్యం రాయడం నాకు కష్టంగా ఉంది.

మే 3న శాన్‌ఫ్రాన్సిస్కోలోని సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ హోటల్లో బోర్డు సమావేశమైంది. గది కిక్కిరిసి ఉంది. బ్రౌవర్ లేచి మాట్లాడారు, రాజీనామా ఇచ్చారు. ఆమోదించాలన్నవారు పదిమంది, వద్దన్నవారు అయిదుగురు. ఆయనకు యాభై ఆరేళ్లు. సంఘంతో అనుబంధం ముప్ఫై ఆరేళ్లది, ఆ పదవిలో పదహారున్నరేళ్లు.

బోర్డు తప్పు చేసిందా? ప్రజల విరాళాలతో నడిచే సంఘంలో ఎంత గొప్పవాడికైనా సంతకం మీద హద్దు ఉండాలి. జీతం లేకుండా ఆ హద్దును కాపాడినవాళ్లను చిన్నబుద్ధులని తిట్టడం అన్యాయం. సంఘం అప్పుల్లో మునిగి మూతపడి ఉంటే తర్వాతి యాభై ఏళ్ల పోరాటాలు ఎవరు చేసేవారు? ఇంత తెలిసీ నా మనసు ఆ అయిదుగురి వైపే వెళుతుంది. డబ్బు లెక్క చూసే మనిషిని పక్కన పెట్టి, పుస్తకాలూ పోరాటాలూ ఆయనకు వదిలే దారి ఏదో ఒకటి ఆ పదిహేనుమంది తెలివైనవాళ్లకు దొరకవలసింది. అలాంటి దారి వెతికారు కూడా. కానీ ఇంకా వెతికే ఓపిక అప్పటికి రెండువైపులా అయిపోయింది. 1974లో సంఘమే కొత్త అణు రియాక్టర్లను వ్యతిరేకిస్తూ తీర్మానించింది. నిపోమో దిబ్బలు ఈనాటికీ ఉన్నాయి. డయాబ్లో కేంద్రం కూడా ఉంది.

బ్రౌవర్ రాజీనామా చేసిన 1969లోనే ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ స్థాపించారు. అది ఎన్నో దేశాలకు పాకింది. అక్కడా అప్పులు పెరిగాయి, అక్కడా బోర్డుతో తగాదా వచ్చింది, 1986లో అక్కణ్ణుంచీ బయటికి వచ్చారు. ఒకే నాటకం రెండుసార్లు ఆడినట్టు ఉంటుంది, అందుకే రెండోది చదవడం ఇంకా బాధ. అప్పటికే, 1982లో, ఎర్త్ ఐలాండ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నారు. సియెరా క్లబ్ 1972లో ఆయనకు గౌరవ సభ్యత్వం ఇచ్చింది, 1977లో మ్యూర్ పేరిట తన అత్యున్నత పురస్కారం ఇచ్చింది. 1983లో సభ్యులు ఆయనను బోర్డుకు ఎన్నుకున్నారు, 1995లో మళ్లీ ఎన్నుకున్నారు. ఈసారి ఆయన జీతంలేని డైరెక్టరు, ఒకప్పుడు తనను దించినవాళ్ల కుర్చీల్లోనే. అక్కడా ఇమడలేదు. భూమికి గడువు దగ్గరపడుతుంటే బోర్డుకు ఆ తొందర లేదని 2000 మేలో రాజీనామా చేశారు. ఆ నవంబరు 5న బర్క్‌లీలో, ఎనభై ఎనిమిదో ఏట పోయారు.

అంతకు నాలుగేళ్ల ముందు, 1996 నవంబరులో, ఆయన బోర్డు ముందు ఒక తీర్మానం పెట్టించారు. గ్లెన్ కాన్యన్ జలాశయాన్ని ఖాళీచేసి లోయను నదికి తిరిగి ఇవ్వాలని. రాజకీయంగా అది జరిగే పని కాదని ఆ గదిలో అందరికీ తెలుసు. మరుసటి ఏడాది కాంగ్రెస్‌లో దాని మీద విచారణ జరిగింది, విచారణతోనే ఆగింది. ఆనకట్ట అలాగే ఉంది. కానీ ఆరోజు ఓటింగు పెట్టినప్పుడు, నలభై ఏళ్ల కిందట ఆ లోయను వదిలేయమన్న అదే బోర్డులో, ఒక్కరూ కాదనలేదు.